భవిష్యత్తు మీద ఆరుబయట ఆశునాటకం: పిల్లలు ఉపన్యాసాల్లోకి జారిపోకుండా ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. 16 నుంచి 20 ఏళ్ల మధ్య వాళ్లు 14 మంది ఉన్నారు, చేతిలో నెల రోజులుంది, స్క్రిప్ట్ లేకుండా వాళ్లే తయారుచేసుకుని ఆరుబయట ఆడాలి, అంశం 'రేపటి మీద మా ఆశలు'. రిహార్సల్ మొదలుపెడితే ఒక్కొక్కరూ ముందుకొచ్చి "యుద్ధాలు లేని ప్రపంచం కావాలి", "అందరూ సమానంగా ఉండాలి" అని చెప్పేసి వెనక్కి వెళ్లి నిలబడుతున్నారు, ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తోచడం లేదు. బయట గొంతులు వినిపించవేమోనని, మధ్యలో ఎవరైనా ఆగిపోతే ఎలా అని మీకు టెన్షన్. చివర్లో సందేశం పెట్టాలా వద్దా అని కూడా అడిగారు. చాలా ఏళ్లుగా ఈ వయసు వాళ్లతో నేను చేస్తున్న పని ఇదే, కాబట్టి వివరంగా రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

మీ పిల్లలకి నటన వచ్చు, ఊహ కూడా ఉంది. వాళ్లకి వేసిన ప్రశ్నలోనే తేడా ఉంది. "భవిష్యత్తులో ఏం కావాలి?" అని అడిగితే ఎవరైనా సరే వ్యాసరచన పోటీకి కూర్చున్నట్టే జవాబిస్తారు. శాంతి, సమానత్వం, పచ్చదనం. వీటిని కాదనేవాళ్లు ఎవరూ ఉండరు, కాదనేవాళ్లు లేనిచోట సీన్ నడవదు. ఒకరికి కావాల్సింది ఇంకొకరికి ఇష్టం లేనప్పుడో, ఇద్దరికీ కావాల్సిందే కానీ ఒక్కరికే దొరికేటట్టు ఉన్నప్పుడో నాటకం మొదలవుతుంది. అందుకే ఆశ గురించి అడగడం ఆపేసి, ఆ ఆశ నెరవేరిన తర్వాత వచ్చే ఒక మామూలు రోజు గురించి అడగండి. పండగ రోజు వద్దు, అవార్డు అందుకునే రోజు అసలే వద్దు. "పదేళ్ల తర్వాత ఒక మంగళవారం, పొద్దున తొమ్మిదైంది. నువ్వు కోరుకున్నది ఎప్పుడో జరిగిపోయింది, అందరికీ అలవాటు కూడా అయిపోయింది. ఎక్కడున్నావ్? చేతుల్లో ఏముంది? పక్కన ఎవరున్నారు? ఇదంతా నచ్చక నీతో మాట్లాడ్డం మానేసింది ఎవరు?"

ఆ ఆఖరి ప్రశ్న మాత్రం వదలొద్దు, సీన్లు ఎక్కువగా దాంట్లోంచే వస్తాయి. ఉదాహరణకి ఒక అమ్మాయి "ఆడపిల్లలకి స్వేచ్ఛ కావాలి" అంది అనుకుందాం. దాన్ని అలాగే వదిలేస్తే అదొక నినాదం, నలుగురు కలిసి పిడికిలి బిగించి అరుస్తారు, అయిపోతుంది. అదే అమ్మాయిని ఆ రోజులోకి తీసుకెళ్తే, రాత్రి పదకొండింటికి బస్సు దిగి ఒక్కతే నడుచుకుంటూ వస్తోంది, ఫోన్ బ్యాగులోనే ఉంది, ఎవరికీ ఎక్కడున్నానో చెప్పలేదు, తలుపు తీసుకుని ఇంట్లోకి వస్తే అమ్మ హాయిగా నిద్రపోతోంది, కూతురి కోసం మేలుకుని కూర్చోలేదు. ఇందులో ఒక్క డైలాగ్ కూడా లేదు. అయినా చూస్తున్న ప్రతి తల్లికీ అందులో ఏముందో తెలుస్తుంది. ఆ తర్వాత పక్క గదిలోంచి నాన్న లేచి వచ్చి "ఇంత రాత్రా?" అంటే, అక్కడినుంచి ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో రాసి ఇవ్వాల్సిన పనే లేదు, వాళ్లకే వచ్చేస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు రోబోలు, ఎగిరే కార్లు, అంగారకుడి మీద ఇళ్లు తప్పకుండా వస్తాయి. రానివ్వండి, సరదాగా ఉంటుంది, శరీరాలు వదులవుతాయి. కానీ అక్కడే ఆగిపోతే ప్రేక్షకులు నవ్వి వెళ్లిపోతారు. యంత్రం కనిపించిన ప్రతిసారీ "దీనివల్ల ఎవరి పని పోయింది, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని అడగండి.

మాటలతో మొదలుపెట్టకుండా శరీరాలతో మొదలుపెట్టడం ఇంకా మంచి దారి. బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ 1973లో పెరూలో ఒక అక్షరాస్యత కార్యక్రమంలో పనిచేసినప్పుడు ఆయన ముందున్న జనం రకరకాల మాతృభాషల వాళ్లు. అక్కడ ఎదిగిన పద్ధతే ఇమేజ్ థియేటర్, అంటే మాట లేకుండా మనుషులనే శిల్పాల్లా నిలబెట్టి విషయం చెప్పడం. మీకు కావాల్సింది అందులో మూడు బొమ్మల వరస. ఒక కుర్రాడు తన తోటివాళ్లని మట్టిలా మలుస్తూ ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో ఒక బొమ్మ కడతాడు. తర్వాత ఎలా ఉండాలని తను కోరుకుంటున్నాడో రెండో బొమ్మ. ఈ రెండూ ఎవరైనా కడతారు. ఇక మూడోది, మొదటి బొమ్మ రెండోదిగా మారాలంటే మధ్యలో ఏం జరగాలి అనేది. అక్కడ అందరూ ఇరుక్కుంటారు. తలొంచుకుని నిలబడ్డ మనిషి తల ఎత్తాలంటే ముందు ఎవరు కదలాలి, అతని భుజం మీద చెయ్యేసి నొక్కుతున్నవాడు తనంతట తాను ఎందుకు తీస్తాడు, పక్కనున్న ముగ్గురూ అప్పటిదాకా ఎటు చూస్తున్నారు. ఒక గంటసేపు దీని మీదే వాదించుకోనివ్వండి, మీరు తీర్పు చెప్పకండి. మీ ప్రదర్శన అంతా ఆ మూడో బొమ్మలోనే ఉంది. ఆశ గురించి చేసే నాటకాలు ఎక్కువగా తేలిపోయేది ఎక్కడంటే, బాధ చూపించి, చీకటి చూపించి, ఒక్కసారిగా అందరూ చేతులు పట్టుకుని నవ్వేస్తారు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చూపించరు. కూర్చున్నవాళ్లకి అది అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది, మర్యాదకి చప్పట్లు కొడతారంతే.

ఇక ఇంప్రొవైజేషన్ సంగతి. ఆశువుగా అంటే ఏమీ అనుకోకుండా వెళ్లి నిలబడటం అని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే అనుభవం ఉన్న నటులే తడబడతారు, పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. అమెరికాలో పిల్లలకి ఆటల ద్వారా నటన నేర్పే పద్ధతిని తీర్చిదిద్దిన వయోలా స్పోలిన్ ప్రతి సీన్‌కీ మూడు విషయాలు ముందే తేల్చుకోమనేవారు: ఎక్కడున్నాం, ఎవరెవరం, ఏం పని చేస్తున్నాం. ఎలా అన్నది మాత్రం ఆడుతున్నప్పుడే పుట్టాలి. మీరూ అదే చేయండి. సీన్ల వరస, ఒక్కో సీన్ ఎలా మొదలవుతుంది, ఏ మాట దగ్గర లేదా ఏ కదలిక దగ్గర ముగుస్తుంది, ఇవి ఖాయం చేసుకోండి. మధ్యలో మాటలు మాత్రం రోజూ మారనివ్వండి. బాగా కుదిరిన డైలాగ్‌ని మర్నాడు మళ్లీ అలాగే చెప్పాలని ప్రయత్నిస్తారు, అప్పుడు అది చచ్చిపోతుంది. అలా జరిగితే ఆ సీన్‌లో ఒక్క విషయం మార్చండి, ఇద్దరిలో ఒకరికి తొందర పెట్టండి, లేదా పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నారని చెప్పండి. మాట దానంతటదే మారుతుంది.

ఇంకో విషయం, చేతులు ఖాళీగా ఉన్న నటుడు మాటల్లోకి పారిపోతాడు. ప్రతి సీన్‌లో ఇద్దరికీ ఏదో ఒక పని ఇవ్వండి, బట్టలు మడతపెట్టడం, సైకిల్ చైన్ ఎక్కించడం, లెక్కలు రాసుకోవడం. వస్తువులు నిజంగా ఉండక్కర్లేదు, ఉన్నట్టు చేస్తే చాలు. భవిష్యత్తు గురించి పెద్ద పెద్ద మాటలు మాట్లాడాల్సిన కుర్రాడు సైకిల్ చైన్‌తో కుస్తీ పడుతుంటే, ఆ మాట మధ్యమధ్యలో తెగుతూ, సహజంగా వస్తుంది.

మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి అన్నారు. ఆగిపోవడానికి అసలు కారణం ఎక్కువసార్లు ఒకటే, గొప్పగా ఏదో చెప్పాలని వెతుక్కోవడం. ఇంప్రొవైజేషన్ పాఠాలు చెప్పిన కీత్ జాన్‌స్టన్ శిష్యులకి పదేపదే చెప్పిన మాట కొత్తదనం కోసం పాకులాడొద్దని, కళ్లముందు కనిపిస్తున్నదే చెప్పమని. మీకు మామూలుగా తోచింది పక్కవాడికి కొత్తగా ఉంటుంది. దీనికో అలవాటు చేయించండి. ఏమీ తోచనప్పుడు ఎదుటివాడు ఇందాక అన్న మాటలో ఆఖరి ముక్కని పట్టుకుని తిరిగి అనాలి. "రేపు వెళ్లిపోతున్నా." "వెళ్లిపోతున్నావా?" అంతే, బంతి మళ్లీ అవతలి వైపు వెళ్లింది, నీకు ఒక క్షణం దొరికింది. ఎదుటివాడు ఇచ్చిన మాటని కొట్టిపారేయకపోవడం రెండో అలవాటు. "నువ్వు డాక్టర్ అయ్యావుగా" అంటే "కాదు, నేను డాక్టర్ కాను" అన్నారో సీన్ అక్కడే కూలిపోతుంది. "అయ్యాను, కానీ నిన్న మానేశాను" అంటే ముందుకెళ్తుంది. ఈ రెండూ కాకుండా, 14 మందిలో ఆ సీన్‌లో లేనివాళ్లు ఖాళీగా నిలబడకూడదు. సీన్ ఆగిందనిపిస్తే వాళ్లలో ఒకరు లోపలికి వెళ్లాలి, పోస్ట్ తెచ్చిన మనిషిగానో, దారి అడిగే మనిషిగానో. దీన్ని ముందే ఒప్పందం చేసుకుంటే ఎవరికీ భయం ఉండదు, ఎందుకంటే ఆగిపోతే కాపాడేవాళ్లు ఉన్నారని ప్రతి ఒక్కరికీ తెలుసు. రిహార్సల్‌లో మీరు సీన్ ఆపకుండానే పక్కనుంచి "చేతుల్లో ఏముందో చూసుకో", "దగ్గరికెళ్లు" అని చిన్న మాటలు అందించవచ్చు. ప్రదర్శన రోజు మాత్రం నోరు మూసుకుని కూర్చోండి, అది వాళ్లది.

ఆరుబయట అనేసరికి చాలామంది మైకు గురించి ఆలోచిస్తారు, నేను స్థలం గురించి ఆలోచించమంటాను. గోడలు లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, తిరిగి ప్రతిధ్వనించి సాయం చేయడానికి ఏమీ ఉండదు. అందుకే వెనకాల గోడ ఉన్న చోటు దొరికితే దాన్ని వదులుకోకండి, గోడకి తగిలి శబ్దం ముందుకొస్తుంది. గాలి నటుల వెనకనుంచి ప్రేక్షకుల వైపు వీచేలా చూసుకోండి, ఎదురుగాలిలో శబ్దం పైకి వంగి జనం తలల మీదుగా పోతుంది, ఎంత అరిచినా లాభం లేదు. మట్టమధ్యాహ్నం నేల వేడెక్కినప్పుడు కూడా అదే జరుగుతుంది, సాయంత్రం నేల చల్లబడ్డాక మాట దూరం వెళ్తుంది. ఎండ నటుల కళ్లలోనూ పడకూడదు, చూసేవాళ్ల కళ్లలోనూ పడకూడదు, సూర్యుడు పక్కన ఉండాలి. ఈ నాలుగూ చూసుకోవాలంటే ప్రదర్శన జరిగే గంటకే ముందుగా ఆ స్థలానికి వెళ్లి నిలబడాలి, పొద్దున వెళ్లి చూస్తే సాయంత్రం సంగతి తెలియదు.

జనాన్ని దగ్గరగా కూర్చోబెట్టండి. ముందు వరస నేల మీద, తర్వాతి వరస మోకాళ్ల మీదో చిన్న స్టూళ్ల మీదో, వెనక నిలబడేవాళ్లు, అందరూ పది మీటర్ల లోపు ఉంటే మైకు అక్కర్లేదు. అర్ధచంద్రాకారం బాగుంటుంది. పూర్తి వృత్తం చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ ఎప్పుడూ సగంమందికి వీపే కనిపిస్తుంది, అలాంటప్పుడు నటులు నిలబడిన చోటే ఉండకుండా తిరుగుతూ ఉండటం నేర్పాలి. అందరికీ చేరాల్సిన మాట ఏదైనా ఉంటే దాన్ని ముగ్గురు కలిసి అనేలా పెట్టుకోండి, లేదా ఒకరు అన్నాక చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి అనాలి. గొంతు పెంచమని చెప్పకండి, పెంచమంటే పిచ్ పెరిగి కీచుమంటుంది. మాటల మధ్య ఖాళీ ఇమ్మని, వాక్యం ఆఖరి పదాన్ని మింగేయొద్దని చెప్పండి. మన వాక్యంలో క్రియ చివర్లోనే వస్తుంది, అది వినబడకపోతే చేశాడో చేయలేదో కూడా తెలియదు.

రెండో వారం నుంచే రిహార్సల్స్ బయట పెట్టండి. గదిలో కుదిరినదంతా బయటికి రాగానే చిన్నబోతుంది, అది ప్రదర్శన రోజు తెలిస్తే పిల్లలు బెదిరిపోతారు. కుక్క మధ్యలోంచి వెళ్తుంది, ఎవరిదో ఫోన్ మోగుతుంది, చిన్న పిల్లాడు నడుచుకుంటూ సీన్‌లోకి వచ్చేస్తాడు. వీటిని చూడనట్టు నటించకుండా సీన్‌లోకి తీసుకోవడం సాధన చేయించండి. చూసేవాళ్లకి ఇది నిజంగా ఇప్పుడే పుడుతోందని నమ్మకం కుదిరేది ఆ క్షణంలోనే. నిడివి 20 నిమిషాలు దాటకుండా చూడండి. ఢిల్లీలో జన నాట్య మంచ్ అనే నాటక బృందం 1978లో ఆడిన మొదటి వీధి నాటకం నిడివి దాదాపు 13 నిమిషాలే, దాన్నే కార్మికుల ముందు మళ్లీ మళ్లీ ఆడారు. నిలబడి చూసే మనిషి ఎంతసేపు నిలబడగలడో అంతే మన నాటకం. స్థలం ఎవరిదైతే వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం, తాగేనీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, వాన వస్తే వెళ్లేందుకు ఇంకో చోటు, ఇవి మీకు చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునే విషయం. ఆశ చాలా సొంతమైనది. ఒక పిల్ల "నాకు సొంత గది ఉండాలి" అందంటే ఇంట్లో పరిస్థితి చెప్పేసినట్టే. "నాన్న తాగకుండా ఇంటికొచ్చే రోజు" అని ఒకడు అన్నాడంటే, రేపు ప్రదర్శనకి ఆ నాన్నే వచ్చి కూర్చోవచ్చు. కాబట్టి మొదటి రోజే రెండు నియమాలు చెప్పండి. ఎవరి ఆశని వాళ్లే నటించరు. పేర్లు లేకుండా కాగితాల మీద రాసి కలిపేస్తారు, ఎవరికి ఏది వస్తే అది చేస్తారు, ఊరు, వయసు, చుట్టరికం మార్చేస్తారు. రెండో నియమం, ఇచ్చిన కథని ఎవరైనా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ప్రదర్శనకి గంట ముందైనా సరే, కారణం అడగకూడదు. దీనివల్ల ఒక మంచి సీన్ పోవచ్చు. పోనివ్వండి. పిల్లవాడి నమ్మకం పోగొట్టుకుని నిలబెట్టుకునేంత గొప్ప సీన్ ఏదీ ఉండదు. వీడియో తీయడం గురించి కూడా ముందే వాళ్లనే అడగండి, మైనర్లయితే ఇంట్లోవాళ్ల అనుమతి కూడా ఉండాలి. నలుగురి ముందు ఒకసారి చేయడం వేరు, ఆ క్లిప్ ఫోన్ల నిండా తిరగడం వేరు.

14 మందిలో ఒకరిద్దరు "నాకే ఆశా లేదు" అంటారు. కొందరు పెద్దవాళ్లు ఇది వినగానే కంగారుపడి ఉత్సాహపరచడం మొదలుపెడతారు. అలా చేయొద్దు. ఆ మాటకి ప్రదర్శనలో చోటివ్వండి. అందరూ తమ రేపటిని ఆడుతుంటే ఒక్కడు పక్కన కూర్చుని "నేను చూస్తా" అంటాడు, అతన్ని ఎవరు పలకరిస్తారు, ఏమని పలకరిస్తారు అన్నది చాలా బలమైన సీన్ అవుతుంది. అతను చివరికి మారాల్సిన అవసరం లేదు. అయితే అది నాటకం కోసం అన్న మాటా, నిజంగా లోపల బరువుగా ఉండి అన్న మాటా అని గమనించండి. రెండోదైతే రిహార్సల్ పక్కన పెట్టి ఒంటరిగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి, అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రేక్షకుల్ని కలుపుకోవచ్చా అంటే, తప్పకుండా. బోల్ రూపొందించిన ఫోరమ్ థియేటర్‌లో కథ చెడుగా ముగుస్తుంది, మళ్లీ మొదటినుంచి ఆడతారు, చూసేవాళ్లలో ఎవరైనా "ఆగండి" అని ఒక పాత్ర స్థానంలోకి వచ్చి వేరేలా చేసి చూపించవచ్చు. మీకైతే అంత పూర్తిగా వద్దు, నెల రోజుల్లో కష్టం. ఒక్క సీన్‌కి పెట్టుకోండి, ఇందాక చెప్పిన మూడో బొమ్మ ఉన్న సీన్‌కి. దాన్ని నడిపించడానికి బృందంలో కాస్త నిదానస్తుడైన ఒకరిని పెట్టండి, బాగా మాట్లాడేవాడికన్నా బాగా వినేవాడు నయం. అతని పని మూడే: "ఇక్కడ మీరైతే ఏం చేస్తారు?" అని అడగడం, చెప్తున్నవాళ్లని "చెప్పొద్దు, వచ్చి చేయండి" అని పిలవడం, చేసి వెళ్తున్నవాళ్లకి థాంక్స్ చెప్పడం. వచ్చినవాళ్లు మంత్రం వేసినట్టు అన్నీ పరిష్కరించేస్తే, ఎదురుగా ఉన్న నటుడు ఒప్పుకోకూడదు, నిజజీవితంలో ఆ మనిషి ఎంత మొండికేస్తాడో అంత మొండికేయాలి. దీన్ని విడిగా సాధన చేయించాలి, మర్యాద ఉన్న పిల్లలు పెద్దవాళ్లు రాగానే వెంటనే లొంగిపోతారు.

సందేశం గురించి నా మాట, పెట్టకండి. "కాబట్టి మనమంతా" అని మొదలయ్యే వాక్యం ఎవరి నోటినుంచి వచ్చినా అప్పటిదాకా చూసినదాన్ని అది కొట్టేస్తుంది. ముగింపు మాత్రం ముందే ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే ఆశునాటకంలో ఎక్కడ ఆపాలో తెలియక సాగదీయడమే పెద్ద ప్రమాదం. ఆఖరి సీన్‌లో ఒక పని పూర్తవడంతో ముగించండి, చైన్ ఎక్కింది, సైకిల్ కదిలింది, అందరూ ఒకేసారి ఆగి వంగి నమస్కరించారు, అయిపోయింది. తర్వాత పిల్లల్ని వెంటనే సర్దుకోమని పంపేయకుండా ఓ పావుగంట జనంలో తిరగనివ్వండి. చూసినవాళ్లు ఆగి మాట్లాడతారు, ఎక్కువగా తమ సంగతే చెప్తారు, ఈ వయసులో తామేం అనుకున్నారో, ఏమైందో. వాళ్లకి అభ్యంతరం లేకపోతే పేర్లు లేకుండా అదే సాయంత్రం ఒక నోట్‌బుక్‌లో రాయించండి. రెండో ప్రదర్శన ఉంటే దాంట్లో ఒక సీన్ అక్కడినుంచే తీసుకోవచ్చు.